తోడు గడి

6 జనవరి 2025, సోమవారం

సందకాడ కమిటీ కుర్రాళ్ళు నలుగురు వచ్చిపోయారు. కనుమ నాడు బడి వెనక ఇసక నేలలో కబడ్డీ పోటీలు. ఎనిమిది జట్లు పేర్లిచ్చాయట. కోటవే మూడు, విద్యానగర్ నుంచి ఒకటి, వాకాడు నుంచి ఒకటి, మిగతావి కొత్తపట్నం వైపు పల్లెలవి. స్కోరు నేనే రాయాలన్నారు. ముప్పై ఏళ్ళ పైబడి రాస్తూనే ఉన్నా కాబట్టి అందులో వింత లేదు. కొత్తగా ఇంకోటి అడిగారు.

"సార్, ఈసారి బెస్ట్ రైడర్, బెస్ట్ డిఫెండర్ అని రెండు కప్పులు తెస్తుండాం. ఎవరికెన్ని పాయింట్లో పేరుతో సహా కావాల. టీవీలో మాదిరి."

వాళ్ళు పోయాక బీరువా మీద నుంచి పాత స్కోరు పుస్తకాలు దించాను. దుమ్ము దులిపి ఒక్కొక్కటే తిప్పాను. ప్రతి పేజీలో రెండు జట్లు, ఒకటి నుంచి వరసగా కొట్టేసిన అంకెలు, జట్టంతా పోయి లోనా పడిన చోట డబ్బా, సగం ఆటకి స్కోరు, చివరి స్కోరు. అంచున ఔటైన వాళ్ళ బనియన్ నంబర్లు వరసగా ఉన్నాయి. ముందు పోయినవాడే ముందు బతకాలి కాబట్టి ఆ వరస రాయక తప్పదు. ఆట అయిపోయాక ఆ నంబర్లకి ఏ విలువా ఉండదు.

ఎవరు తాకారో, ఎవరు పట్టారో ఒక్క పేజీలోనూ లేదు. 1996 సంక్రాంతి ఫైనల్ 31-30. ఒక్క పాయింటు తేడా. ఆ చివరి పట్టు పట్టిందెవరో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. జనం కేకలు చెవిలో ఉన్నాయి, గాల్లోకి లేచిన ఇసక కళ్ళల్లో ఉంది, మనిషి మాత్రం లేడు. కబడ్డీ ఏడుగురి ఆట, పేర్లు రాస్తే జట్టు చెడుతుందని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ణి. ఈ రాత్రి ఆ నమ్మకం కదిలింది.

8 జనవరి, బుధవారం

చిన్నప్పుడు మేం ఆడింది చెడుగుడు. కబడ్డీ అన్న మాట బళ్ళో చేరాకే విన్నాను. ఆ చెడుగుడులో అంకెలే లేవు. తాకించుకున్నవాడు పోయి గట్టున కూర్చునేవాడు. అవతలి వైపు అందరూ పోతే ఒక ఆట. మా వీధి పెద్దాయన పుల్లతో ఇసకలో ఒక గీత గీసేవాడు. ముందు ఎవరికి అయిదు గీతలు పడితే వాళ్ళది గెలుపు. గంటా లేదు, గడియారమూ లేదు. పొద్దు గుంకితే ఆట మర్నాటికి, గీతలు మాత్రం రాత్రి గాలికి చెరిగిపోయేవి. పొద్దున్నే నాలుగా మూడా అని మళ్ళీ కొట్లాట.

అది 'గామినీ' పద్ధతని వ్యాయామోపాధ్యాయుల శిక్షణకి పోయినప్పుడు తెలిసింది. ఔటైనవాడు జట్టంతా పోయేదాకా తిరిగి రాకూడదు. ఇంకోటి 'సంజీవని'. ఎదుటివాడు ఒకడు పోతే మనవాడు ఒకడు బతుకుతాడు. మూడోది 'అమర్'. అందులో ఎవరూ బయటికి పోనే పోరు, పాయింటు రాసుకుని ఆడుతూనే ఉంటారు. పోయిన శతాబ్దం మొదట్లో మహారాష్ట్ర వాళ్ళు ఈ ఆటకి నియమాలు రాసి కుదుటపరిచారు, 1923లో బరోడాలో అఖిల భారత పోటీ పెట్టారు. ఇప్పుడు మనం ఆడేదానికి మూలం సంజీవని.

శిక్షణలో ఇదంతా పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఈ రెండు రోజులుగా దాన్ని వేరేగా చూస్తున్నా. లెక్క మారితే ఆట మారింది, ఆటతో పాటు ఎలాంటి మనిషి పనికొస్తాడో అదీ మారింది. గామినీలో మొదట్లోనే చిక్కినవాడికి సాయంత్రమంతా గట్టే గతి. అందుకే గట్టివాణ్ణి దాచుకుని, పోయినా పర్లేదనుకున్నవాణ్ణి ముందు పంపేవాళ్ళు. ఆ పోయినా పర్లేదనుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను కొన్నాళ్ళు. సంజీవనిలో పట్టినవాడు ఒక పాయింటూ తెస్తాడు, గట్టు మీద కూర్చున్న ఒకణ్ణీ లేపుకొస్తాడు. అందువల్ల పట్టుకి గౌరవం పెరిగింది.

తర్వాత బోనస్ గీత వచ్చింది. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, ఒక కాలు గీత దాటించి రెండోది గాల్లో ఉంచితే చాలు, ఎవర్నీ తాకకపోయినా ఒక పాయింటు. బలం లేని బక్కపలచని పిల్లలకి అది పెద్ద వరం. నా దగ్గర నేర్చుకున్న వాళ్ళల్లో కాళ్ళ నేర్పు తప్ప ఇంకేం లేని పిల్లవాడొకడు ఆ గీత పుణ్యాన జిల్లా దాకా పోయాడు.

2014లో ప్రో కబడ్డీ వచ్చింది. కూతకి 30 సెకన్లే. వరసగా రెండు కూతలు వట్టిపోతే మూడోది 'డూ ఆర్ డై', పాయింటు తేకపోతే ఔటే. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టుకుంటే 'సూపర్ ట్యాకిల్', ఒకటికి రెండు పాయింట్లు. మా రోజుల్లో ముగ్గురు మిగిలితే ఆ జట్టు పని అయిపోయినట్టే. ఇప్పుడు ముగ్గురు మిగిలినప్పుడే కూతకొచ్చేవాడి గుండె దడదడలాడుతుంది. ఒకే ఒక్క పాయింటు చేర్చి ఓడిపోయేవాళ్ళకి ఊపిరి పోశారు. ఆ నియమం రాసినవాళ్ళు ఎవరో గాని, ఆట తెలిసినవాళ్ళు.

10 జనవరి, శుక్రవారం

పొద్దున్నే న్యూజెర్సీ నుంచి అమ్మాయి ఫోను. మనవడికి పదకొండేళ్ళు, బేస్‌బాల్ ఆడతాడు. నిరుడు ఎండాకాలం అక్కడున్న నాలుగు నెలలూ వాడి ఆటలన్నిటికీ పోయి కూర్చునేవాణ్ణి. మొదట ఏమీ అర్థం కాలేదు. స్కోరు పుస్తకం చేతిలోకి తీసుకున్నాకే ఆట తెలిసింది. అందులో ఒక్కొక్క చోట నిలబడేవాడికి ఒక్కొక్క అంకె. బంతి విసిరేవాడు 1, వెనక పట్టేవాడు 2, అలా 9 దాకా. ఒక పేజీలో వాడు '6-4-3' అని రాసి చూపించాడు. ఆరో నంబరువాడు నేల బంతి అందుకుని నాలుగో నంబరుకి విసిరాడు, వాడు మూడో నంబరుకి విసిరాడు, ఇద్దరు ఔట్. ఆ మూడంకెల్లో బంతి నడిచిన దారంతా ఉంది.

ఔట్ చేసిన చివరివాడికి ఒక గడి, అంతకు ముందు బంతి అందించిన వాళ్ళకి ఒక గడి. 'పుటౌట్' అంటే చివరి చెయ్యి. 'అసిస్ట్' అంటే అంతకు ముందు చేతులు. బంతిని పట్టకపోయినా, తన చేతికి తగిలి దారి మళ్ళి ఇంకొకరికి చేరి ఔటైతే ఆ తగిలినవాడికి కూడా అసిస్ట్ రాస్తారు. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఎందుకో అప్పుడు వాడికి చెప్పలేదు.

ఈ లెక్కలన్నిటికీ ఆద్యుడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, పత్రికలకి క్రికెట్ వార్తలు రాసేవాడు. 1856లో హొబోకెన్‌లో బేస్‌బాల్ ఆట చూసి దాని మీద మనసు పడ్డాడు. హొబోకెన్ కూడా న్యూజెర్సీలోదే. క్రికెట్ స్కోరు పట్టిక అలవాటున్న చేత్తోనే ఆయన బేస్‌బాల్‌కి పట్టిక గీశాడు. అంటే మనవడి పుస్తకంలోని గళ్ళకి మూలం మనవాళ్ళు వీధివీధినా ఆడే క్రికెట్టే.

గళ్ళు గీసినంత మాత్రాన లెక్క తేలిపోలేదు, నూటయాభై ఏళ్ళుగా మారుస్తూనే ఉన్నారు. బంతులు సరిగా పడక ఆడేవాడు ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోతే అది ఎవరి గొప్ప? ఆడినవాడి ఓపికా, విసిరినవాడి తప్పా? 1887లో ఆ నడకని కూడా కొట్టిన దెబ్బగానే లెక్కేశారు. ఒక్క ఏడాదిలో సగటులు చెట్టెక్కాయి, మరుసటేడు తీసేశారు. ఆ ఓపికకి విలువ కట్టే లెక్క అధికారికంగా పుస్తకానికెక్కింది 1984లో. దాదాపు వందేళ్ళు! అంతకాలం ఓపికగా నిలబడి జట్టుకి మేలు చేసినవాళ్ళంతా సగటు తక్కువవాళ్ళుగానే మిగిలారు. ఎవరి దెబ్బకి ఎన్ని పరుగులొచ్చాయో చెప్పే లెక్క, 1920 నుంచి అధికారికమైన ఆర్‌బీఐ, మాత్రం ముందే బేసుల మీద చేరి నిలబడ్డవాళ్ళని మరిచి, చివరి దెబ్బ కొట్టినవాడికే కీర్తి ఇచ్చింది.

నిరుడు మేలో ఇంకో సంగతి జరిగింది. తెల్లవాళ్ళ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో నల్లజాతి ఆటగాళ్ళు విడిగా ఆడుకున్న నీగ్రో లీగుల లెక్కల్ని మేజర్ లీగ్ తన పుస్తకంలో కలుపుకుంది. దాంతో జీవితకాల సగటులో జోష్ గిబ్సన్ .372తో అప్పటిదాకా ముందున్న టై కాబ్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చాడు. గిబ్సన్ 1947లోనే చనిపోయాడు. ఆయన కొట్టిన దెబ్బలు ఎప్పటివో. పుస్తకం మాత్రం ఇప్పుడు తెరుచుకుంది.

క్రికెట్లోనూ అంతే. వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలో పడటం మొదలైంది 1980లలో. అంతకు ముందు అవి ఎక్స్‌ట్రాలు, ఎవరి పాపమూ కావు.

రాత్రి 11 గంటలు

నిద్ర పట్టక మళ్ళీ కూర్చున్నా. పొద్దున రాయనిది రాస్తాను.

నేను కవర్ ఆటగాణ్ణి. కుడి కవర్. నా పక్క కార్నర్‌లో కొత్తపట్నం వాడొకడు ఉండేవాడు. పడవ తాళ్ళు లాగిన చేతులు, ఒకసారి మడమ దొరికిందంటే వదిలేవాడు కాదు. వాడు కాలు పట్టిన క్షణాన నేను నడుం మీద పడాలి. ఆ క్షణం దాటితే పట్టు జారిపోతుంది, కూతవాడు నడిగీతకి చెయ్యి చాపుతాడు, ఇద్దరం ఔట్. పట్టు వాడిదనేవాళ్ళు జనం. నిజమే, మొదలుపెట్టింది వాడే. నేను పడకపోతే అది పట్టు అయ్యేదా అన్నది వాడికీ నాకూ మాత్రమే తెలుసు.

1984లో ఒక ఎంపికకి ఇద్దరం పోయాం. కూర్చున్న పెద్దమనిషి అడిగాడు, "నువ్వు ఎన్ని పట్టినావు?" నా దగ్గర చెప్పడానికి అంకె లేదు. "నేను తోడు పోతానండీ" అన్నాను. ఆయన పక్కవాడి వైపు తిరిగిపోయాడు. కార్నర్‌వాణ్ణి తీసుకున్నారు. వాడు ఒక్కడే పోనని మొరాయిస్తే నేనే బస్సెక్కించాను.

నలభై ఏళ్ళయింది. ఆ మనిషి మీద కోపం ఎప్పుడో పోయింది. ఆయన ముందున్న కాగితంలో ఆ గడి లేదు, ఆయన మాత్రం ఏం చూస్తాడు?

12 జనవరి, ఆదివారం

సాధన చూడ్డానికి పోయాను. కుర్రాళ్ళు బరి పక్కనుండే లాబీ నియమం మీద జుట్టూ జుట్టూ పట్టుకునే దాకా వచ్చారు. హాంగ్‌ఝౌ ఫైనల్ సంగతి చెప్పి కూర్చోబెట్టాను.

2023 అక్టోబరు 7, ఆసియా క్రీడలు. మనకీ ఇరాన్‌కీ 28-28. ఇంకో నిమిషం ఉందనగా పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై కూతకి పోయాడు. ఎవర్నీ తాకకుండానే లాబీలోకి అడుగుపెట్టాడు. అతన్ని ఆపబోయిన ఇరాన్ వాళ్ళూ వెంటే లాబీలోకి పోయారు. పాత నియమం ప్రకారం పెనుగులాట మొదలవకుండా లాబీలోకి పోయిన ప్రతివాడూ ఔటే, అటూ ఇటూ. ప్రో కబడ్డీలో వాడుతున్న కొత్త నియమం ప్రకారం కూతవాడు ఒక్కడే ఔట్. ఏది చెల్లుతుంది? రెండు జట్లూ చాప మీద కూర్చుండిపోయాయి. నిర్ణయం అటూ ఇటూ ఊగింది, సుమారు గంట సేపు ఆట ఆగింది. చివరికి 33-29తో స్వర్ణం మనకొచ్చింది. 1990లో బీజింగ్‌లో ఈ ఆటకి ఆసియా క్రీడల్లో చోటు దొరికినప్పటి నుంచీ వరసగా మనదే స్వర్ణం అవుతూ వచ్చింది. 2018లో సెమీస్‌లో ఇరాన్ 27-18తో మనల్ని ఓడించి ఆ వరస తెంచింది. అందుకే ఆ గంట అంత బరువైంది.

"మరి న్యాయం ఏది సార్?" అన్నాడొకడు.

ఆట మొదలవక ముందే ఏ పుస్తకం ప్రకారమో రెండు జట్లకీ చదివి వినిపించటం న్యాయం అన్నాను. మన పోటీకి నియమాలు ఇవాళే కాగితం మీద రాసి, ఎనిమిది జట్ల కెప్టెన్ల చేతా సంతకాలు పెట్టిస్తున్నా. లాబీకి పాత నియమమే.

అదే కాగితం కింద ఇంకో ముక్క చేర్చాను. పట్టు రాసేటప్పుడు రెండు గళ్ళు. ఒకటి 'పట్టు', మొదట చిక్కించుకున్నవాడికి. రెండోది 'తోడు', పట్టు జారకుండా నిలబెట్టినవాళ్ళకి, ఎంతమందైతే అంతమందికి. బెస్ట్ డిఫెండర్ కప్పు రెండూ కలిపి. టీవీలో ట్యాకిల్ పాయింటు ఒక్కరి పేరుకే పడుతుందని ఒకడు గుర్తు చేశాడు. తెలుసురా, అయినా మన ఊళ్ళో ఇద్దరికీ పడుతుందన్నాను.

13 జనవరి, భోగి

తెల్లారే మంట. మనవరాళ్ళకి భోగిపళ్ళు. మధ్యాహ్నం స్కేలు పెట్టి ఎనిమిది షీట్లకీ గళ్ళు గీశాను. తూర్పు గాలి, కాగితాలు నిలవనిస్తే కదా.

15 జనవరి, కనుమ

రాత్రి పది దాటింది. చేతివేళ్ళు లాగుతున్నాయి, అయినా ఇవాళే రాయాలి.

తోడు గడి నింపటం నేననుకున్నంత సులువు కాదు. కూతవాడు తాకి వెనక్కి తిరిగే లోపు అయిదారు ఒళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందులో నిలబెట్టినవాడెవడు, అయిపోయాక వచ్చి పడ్డవాడెవడు? మొదటి ఆటలో తడబడ్డాను. రెండో ఆట నుంచి నాకు నేనే ఒక కొలత పెట్టుకున్నా. కూతవాడి కదలిక ఆగక ముందే చెయ్యి పడితే తోడు, ఆగాక పడితే కాదు. ఎదురు వైపు ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి వాడి చేతా విడిగా రాయించాను. ఆట ఆటకీ సరిచూసుకున్నాం. ఎక్కువసార్లు కలిసింది. కలవని చోట ఇద్దరం రాసింది కొట్టేశాం.

ఫైనల్లో కొత్తపట్నం వైపు జట్టు, కోట జట్టు. కొత్తపట్నం జట్టులో ఒక కవర్ ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళుంటాయి. పొద్దుటి నుంచీ జనం ఒక్కసారి కూడా వాడి కోసం కేకేయలేదు. వాడి పేరున పట్టు ఒక్కటే. తోడు పద్నాలుగు. కూడుతూ ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి కూడాను. పద్నాలుగే. వాడి పక్క కార్నర్‌కి పట్లు పదకొండు, తోడు రెండు. 15, 13.

కప్పు కవర్‌కి ఇచ్చారు. పేరు పిలిస్తే వాడు లేవలేదు, కార్నర్‌నే పిలిచారనుకుని చప్పట్లు కొడుతున్నాడు. కార్నరే వాణ్ణి చెయ్యి పట్టి లేపాడు. కమిటీలో ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు. జనంలో ఒక పెద్దాయన అరిచాడు, "పట్టిందొకడు, కప్పు ఇంకొకడికా?" నేను షీటు తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా తిరిగిచ్చాడు.

పంపకాలు అయ్యాక ఆ కుర్రాడు నా దగ్గరకొచ్చాడు.

"సార్, ఆ కాగితం ఒకసారి ఫోటో తీసుకుంటా."

తన గడి తీసుకుంటాడనుకున్నా. పేజీ మొత్తం తీసుకున్నాడు.

16 జనవరి, గురువారం

పుస్తకానికి ఈ షీట్లన్నీ అంటించాను. మనవడికి ఒకటి పంపితే, తోడు అంటే అసిస్ట్ కదా తాతా అన్నాడు. అవునన్నాను.

19 జనవరి, ఆదివారం

కొత్తపట్నం పోయి వచ్చాను. నా పాత కార్నర్ అక్కడే ఉన్నాడు. మోకాళ్ళు అరిగి పడవెక్కటం మానేశాడు, వలలు బాగుచేస్తూ తాటాకు పందిరి కింద కూర్చునుంటాడు. కనుమ సంగతి వాడికి ముందే తెలిసింది.

"ఏరా, ఇన్నేళ్ళకు నీ గడి నువ్వే గీసుకున్నావంట" అన్నాడు. నవ్వలేదు వాడు, నా చెయ్యి పట్టుకున్నాడు.

సంచిలోంచి తెల్ల షీటు తీశాను. మా ఇద్దరికీ బాగా గుర్తున్న ఆట ఒకటుంది, 1983లో గూడూరులో ఆడిన సెమీఫైనల్. కొత్త పద్ధతిలో ఇద్దరం కలిసి రాద్దామన్నాను. గంటన్నర పట్టింది. కూత కూతకీ వాదించుకున్నాం. కొన్ని చోట్ల వాడి జ్ఞాపకం బలం, కొన్ని చోట్ల నాది. ఇద్దరికీ గుర్తులేని చోట గడి ఖాళీగా వదిలాం.

చివరి పట్టు దగ్గరికొచ్చాం. నేను రాసేశాను: పట్టు వాడిది, తోడు నాది.

వాడు వల సూది పక్కన పెట్టాడు. "అది కాదు. కాలు నా చేతిలోంచి జారిపోయింది గదా. నువ్వు నడుం మీద పడే లోపల వాడు గీత అందుకునేవాడే. మన ఎడమ కవర్ పిలగాడు అడ్డం పడుకున్నాడు నేల మీద. వాడి మీద తట్టుకుని పడ్డాడు ఆ కూతోడు. అప్పుడు చిక్కినాడు మనకు."

ఎడమ కవర్. బక్కపలచని పిల్లవాడు, వాకాడు వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆ ఏడాది ఒక్కటే ఆడాడు. నలభై రెండేళ్ళుగా ఈ పట్టుని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్క లేదు. ఒక్కసారీ వాడు అందులో లేడు.

"వాడి పేరేందిరా?" అన్నాను.

వాడు చాలాసేపు సముద్రం వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరికీ రాలేదు. రేపు వాకాడులో ఎవర్నన్నా అడుగుదామన్నాడు.

షీటు మీద నా కింద ఇంకో వరస గీశాను. పేరు రాసే చోటు వదిలేసి, తోడు గడిలో ఒక గీత పెట్టాను.